తెల్లదైతే క్షేమం, బూడిదదైతే రమ్మని

పావురానికి దారి ఎవరూ నేర్పనక్కర్లేదని, అది దాని నెత్తుటిలోనే రాసి ఉంటుందని కరీంనగర్‌లో మా పక్కింటి చాచా అనేవాడు. నేర్పితే తప్ప ఏ ప్రాణికీ ఏదీ రాదని నేను అనేవాణ్ని. ఆయన నలభై ఏళ్లుగా పావురాలు పెంచుతున్నాడు. నేను అప్పుడే పంతుళ్ల ట్రైనింగ్ ముగించుకుని వచ్చాను. కాబట్టి ఈ విషయంలో ఎక్కువ తెలిసినవాణ్ని నేనేనని వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు అవి. పిల్లవాడి మనసు ఎలా పనిచేస్తుందో ఒక లావుపాటి పుస్తకం చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకంలోని పిల్లవాడు బుద్ధిమంతుడు. ఏం కారణమో, అతను నా తరగతిలో ఎన్నడూ చేరలేదు. ఎండాకాలం సెలవులకు ముందు శిక్షణ పూర్తయింది. సెలవులు మొదలైన వారానికే అందులో ‘ణ’ రాలిపోయి మిగిలింది చేతికొచ్చింది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఇచ్చోడలో చేరాలని బదిలీ కాగితం.

ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అంటే ఆ రోజుల్లో ఇంటికొచ్చి పరామర్శించేవారు. మా అవ్వ నన్ను సగం పులి తినేసినట్టే చూసింది. సంతోషించింది చాచా ఒక్కడే.

చాచా రజాయిలు కుట్టేవాడు. పొద్దంతా జమ్మికుంట దూది ఏకడం, సాయంత్రం డాబా ఎక్కి పావురాలకు జొన్నలు చల్లడం ఆయన పని. గడ్డంలో ఇరుక్కున్నది దూదో, ఈకో దగ్గరికి వెళ్తే గాని తెలిసేది కాదు. ఆయనకు ఒక్కతే కూతురు. ఇచ్చోడలో ఇచ్చాడు. అల్లుడిది బొంబాయి మిల్లులో పని, ఏడాదికి ఒకసారి వస్తాడు. అత్త మంచం పట్టింది. ఇల్లూ, కిరాణా దుకాణమూ అల్లుడి అన్న నడిపేవాడు. ఉత్తరాలూ ఆయనే రాసేవాడు.

చాచాకు చదువు రాదు. నా బడి చదువంతా ఉర్దూలో సాగింది గనుక ఆ ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ని. ‘ఇక్కడ అందరం ఖైరియత్. మీ అమ్మాయి బాగుంది. అక్కడి ఖైరియత్ రాయగలరు.’ ప్రతి ఉత్తరంలోనూ అదే రాత, అవే మూడు ముక్కలు. తారీఖు ఒక్కటే మారేది. నాలుగో ఉత్తరం నుంచి నేను కార్డు చూడకుండానే చదవడం మొదలుపెట్టాను.

“రెండు రంజాన్లు పోయినయ్, బిడ్డ రాలే,” అన్నాడు చాచా ఒకరోజు. “గీ రాసేటాయిన దాన్ని అడిగి రాస్తుండా, రాసి దానికి చెప్తుండా?”

“బాగుందని రాసిండు గద చాచా.”

“బాగుంటే బాగుందని గిన్నిసార్లు రాస్తరా సార్?”

“మరి నువ్వే పోయి చూసి రారాదు?”

“పిలువకుంట బిడ్డింటికి పోతే, ఇదేదో చెప్పుకున్నది అనుకుంటరు. నేను మళ్లొస్త. మాటలు పడేది అది.”

లోపల చాటతో బియ్యం చెరుగుతున్న చాచీ చేయి ఆపింది. “చచ్చినా నోటితోని చెప్పదు. అత్తగారింటి మాట గడప దాటొద్దని నేనే నేర్పిన. మంచిగ నేర్చుకున్నది,” అంది. ఆమె ఏ ట్రైనింగూ కాలేదు గాని పాఠం అంత గట్టిగా ఎక్కించింది.

దానికి చాచా దగ్గర ఒక ఉపాయం ఉంది. కూతురు చిన్నప్పుడు జగిత్యాలలో నానమ్మ ఇంటికి పోయినప్పుడల్లా రెండు పావురాలను వెంట ఇచ్చేవాడు. అక్కడ బాగుంటే తెల్లదాన్ని వదలాలి. ఇంటి మీద బెంగ పుడితే బూడిద రంగుదాన్ని వదలాలి. బూడిదది వచ్చి డాబా మీద వాలితే చాచా బస్సెక్కి వెళ్లి పిల్లను తెచ్చుకునేవాడు. ఈ సంగతి తండ్రికీ, తల్లికీ, బిడ్డకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను ఇచ్చోడ పోతున్నాను కాబట్టి ఇప్పుడు నాకూ తెలిసింది.

“పొద్దుపోతలేదంటే పంపినమని ఇయ్యి. మిగిలింది అదే చూసుకుంటది,” అన్నాడు చాచా.

ఇచ్చోడ జగిత్యాల కాదు, మధ్యలో గోదావరి ఉంది, అడవి ఉంది, పావురానికి క్రమమైన శిక్షణ కావాలి అన్నాను నేను. సెలవులన్నీ దానికే ధారపోస్తానని మాటిచ్చాను. చాచా నా వంక జాలిగా చూశాడు.

“తొవ్వ నువ్వు నేర్పుతవా? మొన్న మంచిర్యాల పోతనని మంథని బస్సెక్కింది నువ్వే గద సార్?”

నేను దాన్ని పట్టించుకోలేదు. తెల్ల పెట్టను ఎంచుకున్నాను. బూడిదదానికి మాత్రం శిక్షణ అక్కర్లేదన్నాను. మంచి కబురును జాగ్రత్తగా చేర్చాలి గాని, చెడ్డ కబురు ఎవరూ నేర్పకుండానే ఇల్లు చేరుతుందని నా సిద్ధాంతం.

కొత్త నోటుబుక్కు తీసి పాఠ ప్రణాళిక రాశాను. లక్ష్యం: ఇల్లు చేరుట. బోధనోపకరణాలు: మూత గంప ఒకటి, జొన్నలు పిడికెడు. విద్యార్థి పూర్వజ్ఞానం: ఎగురుట. మొదటి పాఠం మానేరు ఒడ్డున. గంప మూత తీశాను. తెల్లది ఒక చుట్టు తిరిగి, నేను గట్టెక్కి చెప్పులు దులుపుకునేలోపే ఇంట్లో ఉంది. రెండో పాఠం గంగాధరలో. అక్కడినుంచీ అది నాకంటే గంటన్నర ముందు ఇల్లు చేరింది. నాకు బస్సు దొరకలేదు.

మూడోసారి బస్సులో కండక్టర్ గంపలోకి తొంగిచూశాడు.

“కోడా సార్?”

“పావురం. ట్రైనింగ్‌కు తీస్కపోతున్న.”

“దేనికి?”

“ఇంటికి తిరిగి వచ్చేటందుకు.”

“ఇంటి కాడ్నే ఉంచితే అయిపోతుండె గద!” అన్నాడు. బస్సంతా నవ్వింది. విద్యావంతుడికి ఇలాంటి అవమానాలు కొత్తకాదు.

ఆ మూడో పాఠం కొండగట్టులో. అంజన్నకు దండం పెట్టుకుని వదులుదామని గంపను మెట్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఒక కోతి గంప మూత నెత్తిన పెట్టుకుని కూర్చుంది. మరో కోతి నా సద్దిమూట విప్పుతోంది. తెల్లది అప్పటికే గంగాధర దాటి ఉంటుంది. మధ్యాహ్నం ఆకలితో ఇల్లు చేరితే చాచా డాబా మీద నుంచి కేకేశాడు.

“మనది ముందుగాల్నే వచ్చింది సార్! నువ్వు వదిలినవా?”

“ఒక కోతి వదిలింది.”

“అది ఏడ ట్రైనింగ్ అయిందట?”

జగిత్యాల నుంచి కూడా తెల్లది పొద్దెక్కకముందే వచ్చేసింది. నోటుబుక్కులో ‘మూల్యాంకనం: ఉత్తమం’ అని రాసి కింద గీత గీశాను. జీవితంలో నేను చెప్పిన పాఠం ఒక్కటైనా ఫలించిందన్న తృప్తి మొదటిసారి కలిగింది. నా బడిపిల్లలు కూడా పాఠం కాగానే నేరుగా ఇల్లు చేరేవారు గాని, అందులో నా ప్రమేయం ఉందని ఎన్నడూ అనిపించలేదు.

బయలుదేరే రోజు చాచా గూళ్ల దగ్గర నిలబడి బూడిదవాటిలో ఒక కుర్ర పెట్టను పట్టుకున్నాడు. చాచీ అడ్డం పడింది.

“అదెందుకు? తెల్లదాని జోడీ పోతును పెట్టు.”

“జోడీని పెట్టరాదు...”

“బిడ్డ మొగడు బొంబాయిల, బిడ్డ ఇచ్చోడల. ఇగ ఆ ఇంటికి జోడీని విడదీసి పంపుతవా? కాపురానికి మంచిదేనా?”

మా అవ్వ కూడా పిట్టగోడ మీద నుంచి ఆమెకు వంత పాడింది. జంటను విడదీసిన పాపం ఏడు తరాలు తగులుతుందట. చాచా నా వైపు చూశాడు. నలభై ఏళ్ల అనుభవం ఏదో చెప్పబోయింది, ముప్పై ఏళ్ల కాపురం దాని నోరు మూసింది. నన్ను అడిగారు. శిక్షణ గట్టిగా ఉంటే జతతో పనిలేదని నేను తేల్చి చెప్పాను. మా దిక్కున పావురమంటే పక్షి ఒకటే కాదు, ప్రేమ కూడా. ఆ రెండో అర్థం నా పుస్తకంలో లేదు. అలా తెల్ల పెట్ట, దాని జత బూడిద పోతు, రెండూ ఒకే గంపలో నాతో బస్సెక్కాయి.

ఇచ్చోడలో నాకు దొరికిన బడి ఒకటే గది. వాన బయట పడే దానికంటే లోపల ఎక్కువ పడేది. పిల్లలు గోండు, మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడేవారు. నేను తెలుగులో ప్రశ్న అడిగితే మరాఠీలో నవ్వేవారు.

చేరిన మర్నాడే గంప పట్టుకుని చాచా కూతురి ఇంటికి వెళ్లాను. ఆమె బావగారు దుకాణం వదిలి వచ్చి మరీ కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. చెడ్డమనిషి కాడు. ఆమెను అడగకుండానే ఆమె క్షేమసమాచారం రాయగల మనిషి, అంతే. వసారాలో మంచం మీద అత్త పడుకుని ఉంది. చాచా కూతురు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. పెళ్లప్పటి కంటే సగమైంది. అది నేను చూశాను. చూసి, ఇక్కడి నీళ్లు పడక కాబోలనుకున్నాను.

“బాగున్నవా చెల్లె?” అని అడిగాను.

“బాగున్న అన్నా.”

ఇంకేం కావాలి? చాచా అనవసరంగా పరేషాన్ అవుతున్నాడని తేలిపోయింది. ఆమె గంపలోకి చూసింది. తెల్లదాని మెడ మీద బొటనవేలితో నిమిరింది. నన్ను ఇంకేమీ అడగలేదు.

వారం తర్వాత ఆమె తెల్లదాన్ని వదిలింది. తల్లి నేర్పిన పాఠం కదా, ముందు అదే వచ్చింది. తెల్లది లేచి రెండు చుట్లు తిరిగి ఆ ఇంటి పెంకుల మీదే వాలింది. పొద్దుగూకాక దిగొచ్చి గంప పక్కన కూర్చుంది. మర్నాడూ అంతే. బావగారు నన్ను దారిలో ఆపాడు.

“సార్, గా పావురం గోదావరి దాటుతదంటిరి. మా పెరట్ల నీళ్ల బాయి దాటుతలేదు!”

శిష్యుడు తప్పితే అవమానం గురువుకే. నేనే తెల్లదాన్ని చేతిలో పట్టుకుని ఊరిబయట సడక్ దాకా నడిచి, దక్షిణం వైపు చూపించి మరీ వదిలాను. చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి అది పెంకుల మీద ఉంది. ఇచ్చోడ నుంచి ఇచ్చోడకు చేరే పావురాన్ని తయారుచేసిన మొదటి పంతులును బహుశా నేనే.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన మూడు రోజులుగా ఇదంతా చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక పిలిచాడు.

“గురూజీ, మీకు లగ్నమైందా?”

“కాలే.”

“గందుకే. పోతు గంపల ఉంది, పెట్ట బయట ఉంది. జోడీని ఇడ్సి అది ఏడికి పోతది?”

నేను అక్కడే నిలబడిపోయాను. మానేరు, గంగాధర, కొండగట్టు, జగిత్యాల. నేను తెల్లదాన్ని వదిలిన ప్రతిసారీ బూడిదది చాచా డాబా మీద గూట్లో ఉంది. అది నా పాఠం విని ఇల్లు చేరలేదు. జత దగ్గరికి చేరింది. నోటుబుక్కులో పూర్వజ్ఞానం దగ్గర ఆ ముక్క రాయడం మర్చిపోయాను.

అయినా పంతులు ఊరికే ఓడిపోడు. సాయంత్రం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. అత్త మంచం మీద మేలుకునే ఉంది. “చెల్లె, ఆ బూడిదదాన్ని నా రూముకు తీస్కపోత. అది కనబడకపోతే తెల్లది సక్కగ కరీంనగర్ పోతది,” అన్నాను.

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఆమె నోట రాని మాట ఏదో కనుక్కురమ్మని తండ్రి నన్ను పంపితే, నేను వెళ్లి ‘బాగున్నాను’ అన్న మాటే త్వరగా చేరేలా సాయం చేయబోయాను.

ఆమె నన్ను, గంపను చూసింది. “రేపు ఇస్త అన్నా,” అంది.

మర్నాడు బడికి పోతూ ఆ ఇంటి దగ్గర ఆగాను. గంప ఖాళీ. మూత పక్కన బోర్లా పడి ఉంది. ఆమె జొన్నల్లో రాళ్లు ఏరుతోంది.

“రెండు వదిలినవా?” గొంతు తగ్గించి అడిగాను.

“మూత తీసిన. రెండు కలిసి పోయినయ్. కొంచెం సేపన్న తిరగలే.”

“మరి చాచాకు ఏం సమజ్ కావాలె? గదా, గిదా?”

“అబ్బాకు సమజైతది,” అంది ఆమె తలెత్తకుండా.

నాకు సమజ్ కాలేదు. కాబట్టి ఆయనకూ కాదని నిశ్చయించుకుని, ఆ పూటే పోస్టులో ఒక కార్డు వేశాను. పొరపాటున రెండూ తప్పించుకున్నాయనీ, ఫికర్ చేయవద్దనీ, చెల్లె ఇక్కడ బాగుందనీ రాశాను. నా జీవితంలో అంత చక్కని దస్తూరీతో మరేదీ రాయలేదు. అది చేరేసరికి చాచా ఇంట్లో లేడు. చాచీ దాన్ని గూట్లో దాచి, దసరా సెలవులకు వెళ్లినప్పుడు చదివి వినిపించమని నాకే ఇచ్చింది. చదివాను.

మూడో రోజు మధ్యాహ్నం బడి ముందు బస్సు ఆగింది. గడ్డంలో దూదితో చాచా దిగాడు. పిల్లల్ని ఎక్కాలు చదవమని బయటికి పరుగెత్తాను.

“పావురాలు వచ్చినయా చాచా?”

“మొన్న పొద్దు వాలంగ, అసర్ నమాజుకు ముందుగాల వచ్చినయ్. రెండు పక్కపక్కన్నే కూసున్నయ్.”

“ఏది ముందు దిగింది? తెల్లదా, బూడిదదా?” నా రెండు నెలల కష్టం ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంది.

చాచా ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. “గదా నీ ఫికర్?”

కొంచెం దూరం నడిచాక ఆయనే చెప్పాడు. “నేను గూడ పరేషానైన సార్. బాగున్నదా, రమ్మంటున్నదా అని. చాచీ ఒక్క తీరుగ చూసింది. ‘తెల్లది నేను నేర్పిన మాట, బూడిదది బిడ్డ సొంత మాట, పొయ్యి బస్సెప్పుడుందో చూడు’ అన్నది.”

వియ్యంకుల ఇంట్లో గొడవేమీ జరగలేదు. చాచీకి పానం బాగాలేదని, బిడ్డను రెండు నెలలు తోల్కపోతానని చాచా అబద్ధం చెప్పాడు. బావగారు రెండు చేతులూ ఎత్తేశాడు.

“అయ్యో, మేమెన్నడన్న వద్దన్నమా? నిర్మల్‌ల మా చెల్లె ఉన్నది, అమ్మను చూస్తది. అడిగితే పంపకపోదుమా? అసలు అడుగుతనే లేదు గద!”

అది నిజమే. ఆ ఇంట్లో వద్దన్నవారు ఎవరూ లేరు. రెండేళ్లుగా ఆమె అడగలేదు, వాళ్లూ అడగలేదు. అందరూ మర్యాద తెలిసినవాళ్లు.

మంచంలోంచి అత్త చేయి చాపి కోడలి తల నిమిరి, “పొయి రా” అంది. ఆమె లోపలికి వెళ్లి, వెళ్లినంత వేగంగానే మూటతో బయటికి వచ్చింది. మూట అప్పటికప్పుడు కట్టింది కాదు. ముళ్లు బిగిసిపోయి ఉన్నాయి. పావురాలు పోయిన రోజే కట్టి పెట్టుకుందని వాటిని చూస్తే తెలిసింది.

బస్సు దాకా నేనూ వెళ్లాను. బావగారు దుకాణం దగ్గరే ఆగిపోయాడు. చాచా మూటను పైకి అందించి నా భుజం మీద చేయి వేశాడు.

“సార్, నువ్వొచ్చిన దినమే దాన్ని అడిగినవా, ఎట్లున్నవని?”

“అడిగిన చాచా. బాగున్న అన్నది.”

“ఎవరి ముంగట అడిగినవ్?”

ఆయన ఎక్కి కూర్చున్నాడు. కూతురు కిటికీ పక్కన కూర్చుని ఊరి వైపు కాకుండా ముందుకు చూస్తోంది. చుట్టూ ఆ ఇంటివాళ్లెవరూ లేరు. నాకు వచ్చిన ఒకే ఒక్క ప్రశ్నను కిటికీ కిందికి వెళ్లి మళ్లీ అడిగాను.

“బాగున్నవా చెల్లె?”

ఆమె నా వైపు తిరిగింది.

“లేనన్నా,” అంది. “కాళ్లు వాస్తున్నయ్. అత్తను ఎత్తి ఎత్తి నడుము పడిపోయింది. రాత్రి రెండుసార్లు లేవాలె. ఆయిన ఉత్తరం రాస్తే బావ చదువుతడు, నాకు చెప్పడు. పోయిన చలికాలం మూడు దినాలు జరమొచ్చింది, ఎవరికీ తెల్వదు...”

డ్రైవర్ గేరు వేశాడు. బస్సు కదిలింది. నేను పక్కన నడిచాను, తర్వాత కొంచెం పరుగెత్తాను. ఇంజన్ రొదలో మాటలు వినిపించలేదు. కిటికీలో ఆమె ఒక్కొక్క వేలూ ముడుస్తూ ఇంకా చెబుతూనే ఉంది.